మా బావ ముక్కు గొట్టం

కాపురానికి వచ్చిన రోజే మా అత్తమ్మ నాకు రెండు సంగతులు చెప్పింది. పొద్దున లేవంగానే ముందు గొర్ల దొడ్డి ఊడవాలి, ఆ తర్వాతే ఇల్లు. రెండోది, లోపలి అర్రలో ఉన్న మనిషి నా పెనిమిటికి అన్న, నాకు బావ, అంటే తండ్రి లెక్క. ఆయన ముందర కూర్చోవద్దు, ఆయనతో మాట్లాడొద్దు, నెత్తి మీది కొంగు జారనీయొద్దు. ఏమైనా సరే ఆయన్ని ముట్టుకోవద్దు.

ఆ లోపలి మనిషి సంగతి పెళ్లికి ముందు మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. "పెద్దోనికి జర పానం మంచిగుండది" అని మాత్రం మా బాపుతో అన్నారట. బాపు దగ్గో ఉబ్బసమో అనుకున్నాడు. తీరా వచ్చి చూస్తే ముప్పై ఏళ్ల మనిషి, గడ్డం పెరిగి, గొంగడి మీద గోడకు ఆనుకొని కూర్చొని, మోకాలి మీద అరచేత్తో కొట్టుకుంటూ ఉన్నాడు. మాట రాదు. తన చేత్తో తినడం రాదు. బయటికి పోవాలన్నది తెలియదు. చంటిపిల్లాడప్పుడు పెద్ద జ్వరమొచ్చి మూర్ఛ పట్టుకుందట. అప్పటినుంచి రోజుకు రెండు మూడుసార్లు వస్తూనే ఉంది. తెలివి అక్కడే ఆగిపోయింది, ఒళ్లు మాత్రం పెరిగింది.

నాకు మొదట నవ్వొచ్చింది, దాచడమెందుకు. ఆయనకు నా మొహానికీ తలుపు చెక్కకూ తేడా తెలియదు. అటువంటాయన ముందు నేను ముక్కు దాకా కొంగు లాక్కొని, గోడ పట్టుకొని పక్కకు నడవాలట. మా ఇంటాయనతో అంటే, "అమ్మ చెప్పింది చెయ్యి, నీదేం పోతది" అన్నాడు. ఆయన జవాబులన్నీ అట్లాగే ఉండేవి. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, నాకు నోరెక్కువ అని మా పుట్టింట్లో పేరు. అయినా రెండేళ్లు గడిచేసరికి ఆ అర్ర గడప దగ్గరికి రాగానే నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయేది. అలవాటు అట్లా పడుతుంది. ఒకనాడు మనమే దాన్ని చూసి నవ్వుతాం, ఇంకొకనాడు అది మన ఒంట్లో ఉంటుంది.

ఆయనకు అన్నం పెట్టే పని అత్తమ్మది. జొన్నరొట్టె పాలలో నానబెట్టి, మెత్తగా పిసికి, వేలితో కొంచెం కొంచెం నాలుక మీద పెట్టేది. సగం బయటికి కారేది. మూడు ముద్దలకొకసారి పొలమారేది. ఆ దగ్గు వంటింట్లోకి వినబడేది, నేను రొట్టె కొట్టడం ఆపి వినేదాన్ని. దగ్గు ఆగితే మళ్లీ కొట్టేదాన్ని. ఏడాదికి మూడు నాలుగుసార్లు జ్వరం వచ్చేది, రొమ్ములో గురగుర మనేది. కోస్గి నుంచి కంపౌండరు సైకిల్ మీద వచ్చి సూది ఇచ్చేవాడు. "సలి తాకింది" అనేది అత్తమ్మ. ఎండాకాలంలో కూడా సలేనా అని నేను ఒకసారి అడిగితే నా మీద గయ్యిమంది. తిండే ఊపిరిలోకి పోతోందని మా కొంపలో ఎవరికీ తెలియదు. తెలిసినా ఏం చేసేవాళ్లం, తిండి మానిపిస్తామా?

నయా పైసలొచ్చి కొన్నేళ్లయినా మా ఊళ్లో ఇంకా అణాల్లోనే మాట్లాడుకునే రోజులవి. ఆ చలికాలం ఒకసారి మూర్ఛ వచ్చింది, ఆగలేదు. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా అదే వరస. పక్కింటి అవ్వ వచ్చి ఎప్పటిలాగే ఆయన పిడికిట్లో తాళపుచెవుల గుత్తి పెట్టింది, ఉల్లిగడ్డ చితిపి ముక్కు దగ్గర పెట్టింది. ఏం కాలేదు. మా ఇంటాయన బండి కట్టాడు. కోస్గి దాకా బండి, అక్కడినుంచి బస్సులో పాలమూరు దవాఖానకు తీసుకుపోయాం. వండి పెట్టేందుకు నన్ను కూడా తీసుకుపోయారు. అక్కడ వరండా వెనక మూడు రాళ్లు పెట్టుకొని ఇరవై రోజులు వండాను.

మూర్ఛ ఆగింది కానీ ఆయన మింగడం మరిచిపోయాడు. నోట్లో పోసిన నీళ్లు నోట్లోనే ఉండేవి. డాక్టరు ముక్కులోంచి ఎర్ర రబ్బరు గొట్టం ఒకటి కడుపులోకి దించాడు. దాని కొసకు గరాటు పెట్టి గంజి, పాలు పోయాలి. గోలీలు నూరి నీళ్లలో కలిపి అందులోనే పోయాలి. అత్తమ్మ ఆ గొట్టం చూసి చెంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. "ముక్కుకెల్లి తినుడేంది బిడ్డా, పసులకు మందు బోసినట్టు" అంది నాతో.

అక్కడొక నర్సమ్మ ఉండేది. కృష్ణా నది అవతలి మనిషి, మాట వేరుగా ఉండేది, మనిషి గట్టిది. మమ్మల్ని ఇంటికి పంపడం ఆమెకు ఇష్టం లేదు. కానీ ఇంటి దగ్గర గొర్లున్నాయి, కోతలున్నాయి, మా ఇంటాయన పోదాం పోదాం అని డాక్టరు ప్రాణం తీశాడు. ఇంక తప్పదని ఆమె రోజూ పొద్దున అత్తమ్మను పక్కన నిలబెట్టుకొని నేర్పింది. పోసే ముందు గొట్టం కొస గిన్నెడు నీళ్లలో పెట్టి చూడాలి, బుడగలొస్తే అది ఊపిరి దారిలో ఉన్నట్టు, చుక్క కూడా పోయొద్దు. పోసేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. పోశాక గంటసేపు అట్లాగే ఉంచాలి, పడుకోబెట్టొద్దు. ఒక్కసారే ఎక్కువ పోయొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆమె మూడుసార్లు చెప్పింది. "కడుపు నిండా ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే పోసింది పైకొస్తుంది. వెల్లకిలా ఉంటే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇతనికి గట్టిగా దగ్గే శక్తి కూడా లేదు. గొట్టం పెట్టాం కదా, ఇంక భయం లేదనుకోకండి. రాగానే ముందు పక్కకు తిప్పాలి. తల కిందికి ఉంచి, నోట్లోది బయటికి కారనివ్వాలి. తర్వాతే ఎవర్నైనా పిలవండి."

అత్తమ్మ తల ఊపుతోంది గానీ ఆమె కళ్లు కొడుకు మీదే ఉన్నాయి, ఒక్క ముక్క చెవికెక్కలేదు. నర్సమ్మకు అది అర్థమైంది. దూరంగా తలుపు దగ్గర నిలబడి వింటున్న నన్ను చూసింది. "ఏమ్మా, నువ్వు రా ఇలా. భుజం పట్టుకో, ఎలా తిప్పాలో చూపిస్తా" అంది.

నేను కదలలేదు. అత్తమ్మే చెప్పింది: "ఆమె మా సిన్న కోడలమ్మా. వానికి తమ్ముని పెండ్లాం. ముట్టుకోదు."

"ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడానా?"

"మాకు గట్ల నడువదమ్మా. ఆమె దూరంకెల్లి చూస్తది, మేం జేస్తం."

నర్సమ్మ నా వైపు చూసింది, నేనేమైనా అంటానేమోనని. నోరెక్కువ అని పేరు పడ్డదాన్ని, ఆ ఒక్క చోట నోరు మూసుకున్నాను. అది వినయం కాదు. ఆ ఎముకల భుజం పట్టుకోవడమంటే నాకు భయంగానే ఉండింది, కొంచెం రోత కూడా ఉండింది. వద్దని అత్తమ్మ అనేసరికి హాయిగా అనిపించింది. నర్సమ్మ తలగడను మనిషి చేసి, ఎడమ పక్కకు ఎట్లా తిప్పాలో గాలిలో చూపించింది. నేను నిలబడ్డ చోటినుంచే అంతా నేర్చుకున్నాను. చెయ్యి ఒక్కటి తప్ప.

ఇంటికొచ్చాక పని అట్లాగే పంచుకున్నాం. పొద్దున మా ఇంటాయన, మిగతా వేళల్లో అత్తమ్మ ఆయన్ని లేపి గోడ మూలకు కూర్చోబెట్టేవాళ్లు. రెండు పక్కలా పొట్టు నింపిన గోనె సంచులు పెట్టి, మా ఇంటాయన తలకు చుట్టుకునే రుమాలు ఒకటి రొమ్ము అడ్డంగా తిప్పి గోడకున్న మేకుకు కట్టేవాళ్లు, జారకుండా. అత్తమ్మ గరాటు ఎత్తి పోసేది. నేను గడప ఇవతల నిలబడి, బుడగలు చూసినవా, మెల్లగ పొయ్యి, ఇక సాలు, అని చెప్పేదాన్ని. "నువ్వు నాకు కోడలివా, అత్తవా?" అనేది అత్తమ్మ. కోపంగా కాదు.

గంటసేపు అంటే మా ఇంట్లో గడియారం ఎక్కడిది? అది నేనే లెక్క కట్టాను. రెండు సేర్ల జొన్నలు ఇసిరేంతసేపు. ఇసుర్రాయిని ఆ అర్రకు ఎదురుగా పంచలో వేయించుకున్నాను. ఆయనకు పోయడం కాగానే నేను కూర్చొని ఇసిరేదాన్ని, మధ్యమధ్య లోపలికి చూసేదాన్ని. జొన్నలు అయిపోయాక, "ఇగ పండుకోబెట్టు అత్తమ్మా" అని కేకేసేదాన్ని. ఇంట్లో అత్తమ్మ లేని పూట మూర్ఛ వస్తే పక్కింటి అవ్వను పిలవాలి, ఆమె వచ్చి తిప్పుతుంది. రెండుసార్లు అట్లా జరిగింది కూడా. గోడ మీంచి ఒక్క కేక వేస్తే అవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకొని వచ్చేసింది. ఏర్పాటు బాగానే ఉందని అందరం అనుకున్నాం.

నిజంగానే బాగుండింది కొన్నాళ్లు. రొమ్ములో గురగుర తగ్గింది. చెంపలు కొంచెం పూడాయి. పదిహేను రోజులకొకసారి కంపౌండరు వచ్చి గొట్టం కడిగి, ఒక ముక్కులోంచి ఇంకో ముక్కులోకి మార్చిపోయేవాడు. అత్తమ్మకు మాత్రం మనసు కుదరలేదు. కడుపు నిండుతోంది గాని నోరు ఎండుతోందని ఆమె బాధ. ఒకనాడు నేను చూడలేదనుకొని బెల్లం నలిపి వేలితో ఆయన నాలుకకు రాస్తోంది. నేను గడప ఇవతలినుంచి అరిచాను. నర్సమ్మ నోట్లో ఏమీ పెట్టొద్దని చెప్పలేదా, సంపుకుంటవా ఏంది నీ కొడుకును, అని. అనరాని మాట అది. అత్తమ్మ వేలు కొంగుకు తుడుచుకొని నన్ను చూసింది. "సప్పరియ్యనియ్యి బిడ్డా, ఒక్కసారి. ముప్పయ్యేండ్లు నా ఏలు జూసిన నాలిక అది" అంది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆమె బెల్లం డబ్బా తీసి పై అటక మీద దాచిపెట్టాను. నేను అటువంటిదాన్ని. చేయాల్సినవి, చేయకూడనివి అన్నీ నాకే తెలుసన్న పొగరు ఉండేది.

ఆ ఏడు మృగశిరలో వాన ముందే పడింది. రెండు రోజులు కురిసి తెరిపిచ్చింది. భూమి పదునుగా ఉంది, ఊరు ఊరంతా గొర్లు కట్టుకొని పొలాలకు పోయింది. ఇక్కడ గొర్రు అంటే విత్తనం వేసే గొర్రు. వెనక నడుస్తూ గింజలు వదలడానికి ఆడమనిషి ఉండాలి. మా ఇంట్లో ఆ పని నాది. కానీ నా మడిమలో తుమ్మముల్లు దిగి, లోపల విరిగి, చీము పట్టింది. నడిస్తే కళ్ల నీళ్లు తిరుగుతున్నాయి. ఒక్కరోజు ఆలస్యమైతే పదును పోతుంది. అత్తమ్మ తానే పోతానంది.

పోయే ముందు పెద్ద చెంబు నిండా గంజి, పాలు కలిపి తెచ్చింది. రోజూ పోసేదానికి రెండింతలు. "గంత వద్దత్తమ్మా" అన్నాను. "నేనచ్చేసరికి పొద్దుగూకుతది. అందాక వాడు ఎండుకుంట కూసోవాల్నా?" అంది. అదీ నిజమే. ఆమె లేకుంటే పోసేవాళ్లు లేరు. నేను గడప ఇవతల ఉండేదాన్నే కదా. బుడగలు చూసింది, కూర్చోబెట్టింది, మెల్లగానే పోసింది. అన్నీ పద్ధతిగానే చేసింది. రుమాలు కట్టింది, గొట్టం కొస మడిచి దారంతో కట్టి చెవి వెనకకు దోపింది, కొడుకు నెత్తి నిమిరి పోయింది. "ఏమన్నయితే అవ్వను పిలువు" అని వాకిట్లోంచి చెప్పింది.

నేను ఇసరడం మొదలుపెట్టాను. సేరున్నర దాకా అయ్యాయనుకుంటా. రాయి చప్పుడులో మొదట వినబడలేదు. పైకి చూసేసరికి ఆయన మెడ ఒక పక్కకు తిరిగిపోయి ఉంది, మడమలు నేలను రాస్తున్నాయి. ఒళ్లంతా బిగుసుకొని ఒక్కసారి ముందుకు ఎగిరింది. మేకు ఊడింది. సంచులు రెండూ పక్కలకు దొర్లాయి, ఆయన జారి వెల్లకిలా పడ్డాడు. రుమాలు చంకల్లోకి ఎగబాకి చిక్కుపడింది. నేను లేచి గడప మీదికి వచ్చాను. నోటి మూలనుంచి, గొట్టం పక్కనుంచి తెల్లగా గంజి పైకి ఉబికింది. బయటికి కారలేదు. మూర్ఛ సడలి ఆయన గుటక వేసినట్టు ఊపిరి పీల్చగానే లోపలికి పోయింది. మళ్లీ ఉబికింది. మళ్లీ పీల్చాడు.

నాకు అన్నీ తెలుసు. ఎడమ భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి. నావైపుకు లాగి తల వంచాలి. ఐదడుగుల దూరం. నేను చేతులు రెండూ ముందుకు చాపాను. చాపిన చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎవరు చూస్తారని? వాడలో కుక్క కూడా లేదు. అత్తమ్మ మాట గుర్తొచ్చి ఆగానా అంటే ఆ మాట కూడా గుర్తు రాలేదు. ఒళ్లు కదలలేదు, అంతే. ఒక చెయ్యి మాత్రం వెనక్కి వచ్చి కొంగు సర్దుకుంది. ఆ సంగతి తలచుకుంటే ఈనాటికీ ఆ చేతిని నరుక్కోవాలనిపిస్తుంది.

"బావా!" అని అరిచాను. ఆయన్ని నేను పిలవడం అదే మొదలు. తర్వాత వెనక్కి తిరిగి బయటికి ఉరికాను.

అవ్వా అవ్వా అని గోడ మీంచి కేక వేశాను. పలుకు లేదు. వాకిట్లోకి పోతే తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది, ఆమె కూడా చేనుకు పోయింది. దాని పక్క ఇల్లు, ఆ పక్క ఇల్లు, అన్నీ గొళ్లేలే. ఎక్కడో దూదేకే విల్లు చప్పుడు వినబడింది. రెండు వాడల అవతల సాయిబు తాత ఒక్కడు ఇంట్లో ఉన్నాడు. ఆ చప్పుడు పట్టుకొని ఉరికాను. మడిమలో చీము పగిలింది, అది కూడా ఇంటికి వచ్చాక చూసుకున్నాను. తాత నా మొహం చూసి విల్లు కింద పారేసి, గడ్డానికంటిన దూదితోనే నా వెంట వచ్చాడు.

వచ్చేసరికి బావ మొహం నల్లబడి ఉంది. తాత మోకాళ్ల మీద కూలబడి, రుమాలు కోసి, ఆయన్ని పక్కకు తిప్పాడు. నర్సమ్మ చెప్పినట్టే తిప్పాడు, ఆయనకెవరూ నేర్పలేదు. నోట్లోంచి గంజి బుడబుడ కారింది. వీపు మీద చరిచాడు. చాలాసేపటికి ఊపిరి వచ్చింది, గవ్వలు గలగలలాడినట్టు చప్పుడుతో.

"గిట్ల పడి ఎంతసేపైంది బేటీ?" అన్నాడు తాత.

"ఇప్పుడే" అన్నాను.

సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. అత్తమ్మ వచ్చింది, మా ఇంటాయన వచ్చాడు, మరునాడు పొద్దున కంపౌండరు వచ్చాడు. రొమ్ముకు చెవి ఆనించి విని తల అడ్డంగా ఊపాడు. "పోసింది ఊపిర్లకు దిగింది. సూదులిస్త, పాలమూరు తీస్కపోతె మంచిది" అన్నాడు. రాత్రి మళ్లీ వాన పడి, కోస్గి అవతల వాగు వచ్చి బస్సు బందైంది. బండి కూడా దాటదు. సూదులే ఇచ్చాడు.

మూడు రోజులు అత్తమ్మ ఆయన్ని పడుకోనీయలేదు. తాను గోడకు ఆనుకొని, ఆయన వీపు తన రొమ్ముకు ఆనించుకొని, రెండు చేతులు చుట్టి పట్టుకొని కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆయన పక్కటెముకలు లోపలికి పోయేవి. పెదవుల మీద తెల్లటి నురగ వచ్చేది, ఆమె తుడిచేది. "గిప్పుడు కూసోబెట్టే ఉన్నం గద బిడ్డా. నర్సమ్మ జెప్పినట్టే ఉన్నం గద. ఎందుకు తగ్గుతలేదు?" అని నన్ను అడిగింది. అన్నీ తెలిసినదాన్ని కదా నేను. గడప ఇవతల నిలబడ్డదాన్ని, పొయ్యి ఆరిపోతోందని చెప్పి పక్కకు పోయాను.

నాలుగో రోజు తెల్లవారి, గొర్లు దొడ్డి విడిచే వేళ ఆయన పోయాడు. అత్తమ్మ చాలాసేపు గమనించలేదు, పట్టుకొనే ఉంది. మా ఇంటాయన వచ్చి ఆమె చేతులు విడదీశాడు.

పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఇది నేను కల్పించడం లేదు. నేను ఎదుట ఉండగానే ఒకరికొకరు చెప్పుకున్నారు. సీము వట్టిన కాలుతోని రెండు వాడలు ఉరికిందట. సచ్చేటోని ముందట గూడ బావ బావే అనుకున్నది, శెయ్యి తాకియ్యలే, ఎవరి పిల్లనో గాని మంచిగ పెంచిండ్రు, అని. వాళ్లకు అది కంటికి కనబడ్డ గొప్ప. వాళ్లలో ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటే, ఏందే నీ చేతులకేం రోగం అని ఒక్కరైనా అడిగి ఉంటే, ఆమె కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని. ఎవరూ అడగలేదు. నా మడిమకు పసుపు, ఆముదం కలిపి కట్టి, కూర్చోమని పీట వేశారు.

మా ఇంటాయన కూడా నన్ను తప్పుపట్టలేదు. "ఎన్నేండ్లకైనా గంతే గద" అన్నాడు. ఆయనకు అన్న అంటే చిన్నప్పటినుంచి మోసిన బరువు. దింపుకున్నాక భుజం తడుముకున్నట్టు, ఆ అర్రలోకి పోయి ఊరికే నిలబడి వచ్చేవాడు.

దినాలైన మరునాడు పొద్దున నేను దొడ్డి ఊడుస్తున్నాను. అత్తమ్మ వచ్చి తడక పట్టుకొని నిలబడింది. పది రోజుల్లో సగం అయిపోయింది మనిషి. ఏదో అడగాలని వచ్చింది, అడగలేక గొర్రె పిల్ల ఒకదాన్ని కాలితో పక్కకు నెట్టింది. మళ్లీ నా దిక్కు చూసింది.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. సాయిబు అచ్చేదాక వాడు ఎల్లెలుకల్నే ఉండెనా? నువ్వు ఉరికే ముందుగాల పక్కకు తిప్పినవా?"

నాకు పరీక్ష పెడుతోంది అనుకున్నాను ముందు. నా మాట నిలబెట్టినవా లేదా అని అడుగుతోంది, ముట్టుకోలేదత్తమ్మా అంటే సరిపోతుంది, అనుకున్నాను. అది నిజం కూడా. నోటిదాకా వచ్చింది. తల ఎత్తి ఆమె మొహం చూశాను. పెదవులు వణుకుతున్నాయి. ఏ జవాబు రావాలని ఆమె పది రోజులుగా దేవునికి మొక్కుతోందో అప్పుడు తెలిసింది.

"తిప్పిన అత్తమ్మా" అన్నాను. "ముందుగాల తిప్పి, అటెన్క ఉరికిన. మల్ల ఎల్లెలుకల పడ్డట్టున్నడు."

ఆమె నా చేతిలోంచి చీపురు లాగి పారేసింది. పేడ అంటిన నా చేతులు రెండూ పట్టుకొని కళ్లకు అద్దుకుంది. "ముట్టుకున్నవా? ముట్టుకున్నవా నా తల్లీ! నేనే ఒద్దన్న, బుద్ధి లేని ముసల్దాన్ని. గా నర్సమ్మ ముందట నేనే ఒద్దన్న. నా మాట పట్టుకొని నా కొడుకును గట్లనే ఇడిసిపెట్టినవేమోనని పది రోజులసంది కడుపుల మెతుకు ఆగుతలేదు. నా మాట ఇనలే నువ్వు. సల్లగుండు బిడ్డా, నా మాట ఇనలే" అంటూ అక్కడే పెంటికల మధ్య కూలబడింది. నా చేతులు వదలలేదు.

అత్తమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆ అబద్ధం నేను రెండోసారి చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకొని, ఆమే చెప్పేది. మా కోడలు పద్ధతి గిద్ధతి పక్కకు పెట్టి నా కొడుకును ఆఖర్న పట్టుకున్నది, అని. నేను తల వంచుకొని వినేదాన్ని. చుట్టాలు దాన్ని కూడా మర్యాదే అనుకునేవాళ్లు.